పసుపు చీటీ లేని ఓటరు: స్టాక్‌హోమ్‌లో పది రోజులు

సెప్టెంబర్ 8, 2022, గురువారం

నిన్న రాత్రి దిగాం. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసింది, మన దగ్గర ఏడున్నర కదా మరి. కాఫీ పొడి డబ్బా కోసం వంటగదిలో వెతుకుతుంటే ఫ్రిజ్ తలుపు మీద రెండు కాగితాలు కనబడ్డాయి. ఒకదాని మీద అల్లుడి పేరు, రెండోదాని మీద మా అమ్మాయి పేరు. భాష ఒక్క ముక్క రాకపోయినా అవేమిటో పట్టేశాను. 1989 నుంచి 2019 దాకా ఎలక్షన్ డ్యూటీలు చేసిన కన్ను నాది. ఓటరు స్లిప్పు ఏ దేశంలో అయినా ఓటరు స్లిప్పే.

తేడా ఒకటుంది. అల్లుడి కాగితం మీద మూడు ఎన్నికలు రాసి ఉన్నాయి, అమ్మాయి కాగితం మీద రెండే.

లేచాక అడిగితే చెప్పింది. ఇక్కడ నాలుగేళ్లకోసారి సెప్టెంబర్ రెండో ఆదివారం మూడు ఎన్నికలూ ఒకేసారి జరుగుతాయట. పార్లమెంటుకి పసుపు చీటీ, ప్రాంతీయ సభకి నీలం చీటీ, మునిసిపాలిటీకి తెల్ల చీటీ. అల్లుడు ఈ దేశపు పౌరసత్వం తీసుకున్నాడు కాబట్టి మూడూ వేస్తాడు. అమ్మాయి ఇంకా మన పాస్‌పోర్టు వదల్లేదు. అలాంటివాళ్లు కూడా మూడేళ్లు ఇక్కడ నివాసం ఉంటే నీలం, తెలుపు వేయొచ్చు. పసుపు మాత్రం పౌరులకే.

పసుపు, నీలం అనగానే గుంటూరు జిల్లా బుర్ర ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. "అమ్మా, ఇక్కడ రంగు పార్టీది కాదు, సభది" అని నవ్వింది. నా మొహంలో అంత కనబడిందా అనుకున్నాను.

వీళ్లుండేది సుండ్‌బీబెర్గ్‌లో, స్టాక్‌హోమ్‌ని ఆనుకుని ఉన్న చిన్న మునిసిపాలిటీ. ఊళ్లోవాళ్లు ముద్దుగా సుంపన్ అంటారు. సాయంత్రం మనవణ్ణి తీసుకుని స్టేషన్ దగ్గరి కూడలికి వెళ్తే, అక్కడ కిళ్లీ బడ్డీల్లా వరసగా చెక్క గుడిసెలు. వాటిని వాల్‌స్టూగా అంటారు, ఎన్నికల గుడిసెలన్నమాట. పార్టీకొకటి. ఒకదానికొకటి ఆనుకుని ఉన్నా ఎవరూ ఎవరినీ తిట్టుకోవడం లేదు. మైకు లేదు, జీపు లేదు. ఫ్లాస్కులో కాఫీ, పళ్లెంలో దాల్చినచెక్క బన్ను, చేతిలో కరపత్రం.

పార్టీ గుర్తులు చూస్తే నవ్వొచ్చింది, అదొక పూల కొట్టు. సోషల్ డెమొక్రాట్లది ఎర్ర గులాబీ. లెఫ్ట్ పార్టీది ఎర్ర కార్నేషన్. క్రిస్టియన్ డెమొక్రాట్లది తెల్లటి అడవిపువ్వు. స్వీడన్ డెమొక్రాట్లది నీలం అడవిపువ్వు. పర్యావరణవాదుల గ్రీన్ పార్టీది డాండెలియన్. సెంటర్ పార్టీది నాలుగాకుల గడ్డి. చెయ్యి, సైకిలు, ఫ్యాను, కారు చూసిన కళ్లకి ఇవన్నీ పెళ్లి మండపానికి తెచ్చిన సరుకులా కనిపించాయి. పైగా ఈ గుర్తుల మీద ముద్ర వేసే పని లేదు, ఏ పార్టీ చీటీ ఆ పార్టీకి వేరుగా ఉంటుంది.

గులాబీ గుడిసెలో ఒక పెద్దాయన నాకో గులాబీ ఇచ్చాడు. నాకు ఓటు లేదని అమ్మాయి చెప్పింది. "పువ్వుకి ఓటెందుకు?" అన్నాడట.

రాత్రి భోజనాల వేళకి టీవీలో ఎలిజబెత్ రాణి పోయిందన్న వార్త. ఎన్నికలు మూడు రోజుల్లో ఉన్నాయనగా ఆ రాత్రికి అందరూ లండన్ వైపు తిరిగిపోయారు.

సెప్టెంబర్ 9, శుక్రవారం

అమ్మాయి లైబ్రరీలో ముందస్తు ఓటు వేస్తానంటే వెంట వెళ్లాను. పోలింగ్‌కి 18 రోజుల ముందు నుంచే ఇలా వేయొచ్చు. నూటికి నలభై మందికి పైగా ఇలాగే వేస్తారట.

పిల్లల కథల పుస్తకాల అర పక్కన ఒక తెర. తెర వెనక, పార్టీకి ఒక దొంతర చొప్పున చీటీలు. 2018 దాకా ఈ చీటీల అరలకి మరుగు ఉండేది కాదట. ఎవరు ఏ దొంతర మీద చెయ్యి వేశారో పక్కవాళ్లకి కనబడేది, తెలివైనవాళ్లు నాలుగైదు పార్టీల చీటీలు తీసుకుని వెళ్లేవాళ్లు. విదేశీ పరిశీలకులు వేలెత్తి చూపాక తెర కట్టారు. ఇన్నాళ్లూ ఎలా ఊరుకున్నారా అని నాకు ఆశ్చర్యం. మా బూత్‌లో అట్ట గూడు ఒక్క అంగుళం పక్కకి జరిగినా ఏజెంట్లు గోల చేసేవారు.

అమ్మాయి తెల్ల చీటీ ఒక కవరులో, నీలం చీటీ ఇంకో కవరులో పెట్టి తెచ్చింది. బల్ల దగ్గరున్న పిల్లకి ఇరవై ఏళ్లుంటాయేమో. గుర్తింపు కార్డు చూసింది, రెండు కవర్లనీ అమ్మాయి ఓటరు కార్డుతో కలిపి ఇంకో పెద్ద కవరులో పెట్టి అంటించింది. ఆ కవరు ఆదివారం నాటికి మా వీధి బూత్‌కి చేరుతుంది. వేలికి సిరా లేదు. నా చూపుడువేలు నేనే ఒకసారి చూసుకున్నాను.

బయటికొచ్చాక అమ్మాయి ఇంకో మాట చెప్పింది. ఈ ఓటు వేశాక మనసు మారితే ఆదివారం నేరుగా బూత్‌కి వెళ్లి మళ్లీ వేయొచ్చు. అప్పుడు పాత కవరు విప్పకుండానే పక్కన పడేస్తారు. దానికి వాళ్ల భాషలో ఒక పేరుంది, తెలుగులో పశ్చాత్తాపపు ఓటు అనొచ్చు. ఈ మాట వినగానే నాలోని ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి చెమటలు పట్టాయి. ఒకరి పేరు మీద ఇంకొకరు వేసిపోతే టెండర్ ఓటు ఇచ్చేవాళ్లం, దానికే ఎంత రాతకోతలో. ఇక్కడ మనిషికి రెండోసారి ఆలోచించుకునే వీలు చట్టంలోనే పెట్టారు.

"నీకు పసుపు చీటీ లేదని బాధ లేదా?" అని అడిగాను.

"బడి మునిసిపాలిటీది, ఆస్పత్రి, బస్సు, మెట్రో ప్రాంతీయ సభవి. నా రోజంతా ఈ రెండు చీటీల్లోనే ఉందమ్మా" అంది. కొంచెం ఆగి, "తెనాలిలో ఉంది కదా ఓటు, అక్కడికొచ్చి వేయాలంటే విమానం టికెట్టు కావాలి" అంది. నిజమే, విదేశాల్లో ఉన్న మన పౌరుడు ఓటు వేయాలంటే సొంతూరి బూత్‌కి స్వయంగా రావాల్సిందే. అంటే మా పిల్లకి ఏ పార్లమెంటుకీ ఓటు వేసే వీలు లేదు. నేను గులాబీ విషయం ఎత్తి మాట మార్చాను.

రాత్రి టీవీలో ఎనిమిది పార్టీల నాయకుల చర్చ. అల్లుడు అనువాదం చేస్తూ కూర్చున్నాడు. కరెంటు బిల్లులు, ముఠాల కాల్పులు, మళ్లీ కరెంటు బిల్లులు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత మే నెలలో నాటోలో చేరతామని దరఖాస్తు పెట్టిన దేశం, ఆ మాట మాత్రం పెద్దగా వినబడలేదు. ఎన్నికల హామీలకి వీళ్ల భాషలో వాల్‌ఫ్లెస్క్ అని పేరు, ఎన్నికల పందిమాంసం అని అర్థమట. మనం తాయిలాలు అంటాం. నాలిక ఎక్కడైనా నాలికే.

ఇంకోటి, ప్రధానమంత్రిని అందరూ మాగ్డలేనా అనే పిలుస్తున్నారు. గారు లేదు, మేడమ్ లేదు. మాగ్డలేనా ఆండర్సన్, ఈ దేశానికి తొలి మహిళా ప్రధాని. ఆడవాళ్లు పార్లమెంటుకి మొదటిసారి ఓటేసింది 1921లో, ఆ కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుంది 2021లో. సరిగ్గా నూరేళ్లు.

సెప్టెంబర్ 10, శనివారం

ఊరు చూద్దామని బయలుదేరాం. మ్యూజియంలు అవీ తర్వాత రాస్తాను, నా కాళ్లు ఆగింది మాత్రం స్వేవేగన్ అనే పెద్ద వీధి మూల మీద.

అక్కడ పేవ్‌మెంటులో ఒక లోహపు పలక ఉంది. 1986 ఫిబ్రవరి 28 రాత్రి ప్రధాని ఓలోఫ్ పాల్మె భార్యతో కలిసి సినిమా చూసి, కాపలా వాళ్లు ఎవరూ లేకుండా నడిచి ఇంటికి వెళ్తుంటే ఇక్కడే కాల్చేశారు. జనం ఆ పలక పక్కనుంచి షాపింగు సంచులతో వెళ్లిపోతున్నారు. హంతకుడెవరో కోర్టులో చివరికి తేలలేదు. అప్పటికే చనిపోయిన ఒక మనిషిని అనుమానితుడని చెప్పి 2020లో కేసు మూసేశారు.

పాల్మె పేరు మనవాళ్లు ఎందరు విన్నారో గానీ, ఈ దేశపు ఇంకో పేరు మా ఊళ్లో రిక్షావాడికి కూడా తెలుసు: బోఫోర్స్. ఆ ఫిరంగుల కంపెనీది ఈ దేశమే, ముడుపుల సంగతి 1987లో బయటపెట్టింది స్వీడిష్ రేడియోనే. 1989లో నా మొదటి డ్యూటీ. కాగితం బ్యాలెట్టు, ఇనప పెట్టె, లక్క, కొవ్వొత్తి. పోలింగ్ ముందు రోజులంతా ప్రతి మైకులోనూ బోఫోర్సే. దేశమంతా రాజీవ్ ఓడిపోతే ఆంధ్రలో మాత్రం కాంగ్రెస్ 42లో 39 లోక్‌సభ సీట్లు గెలిచింది, ఎన్టీఆర్ ప్రభుత్వం పడిపోయింది. మనం ఎప్పుడూ ఎదురీతే.

అక్కణ్ణుంచి కల్చర్ హౌస్ అనే పొడుగాటి అద్దాల భవనం. 1971 నుంచి 1983 దాకా పార్లమెంటు ఇందులోనే నడిచిందట. అప్పటి ఒక కథ అల్లుడు చెప్పాడు, లెక్కల టీచర్ని కదా, నాకు నచ్చుతుందని. 1973 ఎన్నికల్లో 350 సీట్లకి రెండు పక్షాలకీ సమానంగా 175, 175 వచ్చాయి. ఓట్లు సమానమైన ప్రతిసారీ స్పీకరు చీటీలు తీయించేవాడు. ఒక చీటీ అవును, ఒక చీటీ కాదు. మూడేళ్లు చట్టాలు అలా లాటరీలో తేలాయి. దాన్ని లాటరీ పార్లమెంటు అన్నారు. తర్వాత ఎన్నికలకి ఒక సీటు కోసేసి 349 చేశారు. అంత సులువైన పరిష్కారం! బేసి సంఖ్య పెట్టడానికి ఒక లాటరీ పార్లమెంటు కావలసి వచ్చిందా అని నేనంటే, "బడిలో చెప్తే ఎవరు వింటారు అత్తయ్యగారూ" అన్నాడు.

ఇప్పటి పార్లమెంటు నీళ్ల మధ్య చిన్న ద్వీపం మీద ఉంది. భవనం మధ్యలోంచే వీధి పోతుంది, సైకిళ్లవాళ్లు గంట కొట్టుకుంటూ వెళ్తున్నారు. లోపల సభ్యులు పార్టీలవారీగా కాకుండా జిల్లాలవారీగా కూర్చుంటారట. పోట్లాడిన మనిషి పక్కనే కూర్చోవాలి. మన అసెంబ్లీలో ఇలా పెడితే మార్షల్స్‌కి కొలువులు ఇంకా పెంచాలి.

సెప్టెంబర్ 11, ఆదివారం

పోలింగు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. మా వీధి బూత్ ఒక బడి వ్యాయామశాలలో. గుమ్మం బయటే పార్టీలవాళ్లు నిలబడి తమ చీటీలు వచ్చేవాళ్ల చేతిలో పెడుతున్నారు! వంద మీటర్ల గీత లేదు, ప్రచారం ఆపే 48 గంటల నిబంధన లేదు. ఆ గుమ్మం దాటేటప్పుడు నా గుండె ఒకసారి కొట్టుకుంది, అలవాటు. మందు షాపులు మూసే ఉన్నాయి. ఎన్నికల కోసం కాదు, ఇక్కడ సర్కారు మందు దుకాణం ప్రతి ఆదివారం మూతే.

అల్లుడు ఇంకా తేల్చుకోలేదు. కారణం నాలుగు శాతం. దేశం మొత్తమ్మీద నాలుగు శాతం ఓట్లు రాని పార్టీకి పార్లమెంటులో చోటు దాదాపు ఉండదు. ఒక్క నియోజకవర్గంలో 12 శాతం తెచ్చుకుంటే అక్కడి సీట్లలో మాత్రం వాటా దొరుకుతుంది. కాబట్టి పెద్ద పార్టీ మనిషి కూడా తన కూటమిలోని బక్క పార్టీ మునిగిపోకుండా ఒక ఓటు అరువిస్తాడు. అలా ఓటేసేవాడికి కామ్రేడ్ నాలుగు శాతం అని పేరు. అల్లుడు తెర వెనక ఎంతసేపున్నాడంటే, మనవడు ఒకసారి "నాన్నా!" అని కేక పెట్టాడు.

సాయంత్రం నేను తీసుకున్న నిర్ణయం ఇంట్లో అందర్నీ నవ్వించింది. లెక్కింపు బూత్‌లోనే జరుగుతుంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు అన్నారు. నేను వెళ్తానన్నాను. టీవీలో ఎగ్జిట్ పోల్ మొదలయ్యే ఎనిమిది గంటలకి అమ్మాయిని లాక్కుని బడికి వెళ్లాను.

తలుపు మూసి, ఓటర్లు అయిపోయారని చూసుకుని, మళ్లీ తెరిచారు. చూడ్డానికి వచ్చింది మేమిద్దరం, ఒక ముసలాయన, ఒక కుర్రవాడు. సిబ్బంది ఏడెనిమిది మంది. ఒకావిడ అల్లిక చొక్కా చేతులు పైకి మడుచుకుంది. ముందు, పోస్టులో వచ్చిన పెద్ద కవర్లు తీసి, ఒక్కో పేరూ జాబితాలో సరిచూసి, లోపలి కవర్లు పెట్టెలో వేశారు. మా అమ్మాయి కవరు కూడా అందులోదే ఉండాలి. అది వెళ్తుండగా చూశామో లేదో చెప్పలేం.

తర్వాత రెండు బల్లలు దగ్గరకి జరిపి పసుపు చీటీలున్న కవర్లు గుమ్మరించారు. చీటీ తీయడం, పార్టీవారీగా దొంతర పెట్టడం, పది పదిగా అడ్డంగా పేర్చడం, ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టడం. వేళ్లకి రబ్బరు తొడుగులు. ఆ చప్పుడు, కాగితం మీద కాగితం జారే చప్పుడు, నాకు ఇరవై ఏళ్ల తర్వాత వినబడింది. మన మెషిన్లు వచ్చాక పొడుగ్గా ఒక్క బీప్ తప్ప ఏముంది?

నేను కరపత్రం వెనక అంకెలు రాసుకోవడం మొదలుపెట్టాను. పోలైన ఓట్ల లెక్క రాసే 17-సి ఫారం నింపిన చెయ్యి ఖాళీగా ఉండలేదు.

మధ్యలో ఒక చీటీ దగ్గర ఆగారు. అంచున పెన్నుతో చిన్న పువ్వు బొమ్మ గీసి ఉంది. ఎవరి ఓటో తెలిసేలా గుర్తు పెట్టినట్టనిపిస్తే చెల్లదు. కావాలని పెట్టిందా, పిల్లలెవరైనా గీశారా? ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. చొక్కా చేతులు మడుచుకున్నావిడ దాన్ని వేరే కవరులో పెట్టింది. ఇలాంటివి తేల్చేది బూత్‌వాళ్లు కాదు, జిల్లా యంత్రాంగం. అక్కడ ప్రతి బూత్ చీటీలూ మళ్లీ మొదటినుంచి లెక్కపెడతారు.

ఇంటికొచ్చేసరికి అల్లుడు సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. ఎగ్జిట్ పోల్‌లో మాగ్డలేనా పక్షం వెంట్రుకవాసి ముందుందన్నారు. రాత్రి ముదిరే కొద్దీ అంకెలు అవతలి కుడిపక్షం వైపు ఒరిగాయి. ఈ రాత్రికి వాళ్ల మాట వాల్‌వాకా, ఎన్నికల జాగారం. శివరాత్రి జాగారానికి ఉప్పుడుపిండి ఉంటుంది, దీనికి చిప్స్. రెండున్నరకి నేను పడుకున్నాను, లింగోద్భవం చూడకుండానే.

సెప్టెంబర్ 12, 13

ఉదయం లెక్క: కుడిపక్షానికి 175, మాగ్డలేనా పక్షానికి 174. ఒక్క సీటు తేడా. గెలిచామని ఎవరూ అనలేదు, ఓడామనీ అనలేదు. విదేశాల నుంచి వచ్చినవీ, ఆలస్యంగా చేరిన ముందస్తు ఓట్లూ బుధవారం లెక్కపెడతారు, అంతదాకా ఆగాలి. ఆగారు. నాకిదే వింత. 175 తెచ్చుకున్నవాడి ఇంటిముందు బాణసంచా లేదు, రిసార్టులకి బస్సులు లేవు.

175 అంటే మన అసెంబ్లీ మొత్తం సీట్ల సంఖ్య కూడా. ఖాళీగా ఉండలేక వంటగది బల్ల మీద వీళ్ల పద్ధతి మన 2019 ఎన్నికలకి కట్టి చూశాను. ఇక్కడ పార్టీ ఓట్లని మొదట 1.2తో, సీటు వచ్చాక 3తో, తర్వాత 5తో, 7తో భాగిస్తూ పోతారు. ఏ భాగఫలం పెద్దదైతే దానికి తర్వాతి సీటు. 310 సీట్లు నియోజకవర్గాల్లో ఇచ్చి, 39 సీట్లు దేశమంతటి దామాషా సరిచేయడానికి ఉంచుతారు. మన దగ్గర దాదాపు 50 శాతం ఓట్లకి జగన్ పార్టీకి 151 సీట్లు, 39 శాతానికి తెలుగుదేశానికి 23, అయిదున్నర శాతానికి జనసేనకి ఒక్కటి. నాలుగు శాతం గీత పక్కన పెట్టి, ఓట్ల శాతం ప్రకారమే సీట్లు పంచితే తెలుగుదేశానికి 68, 69 వచ్చేవి, జనసేనకి తొమ్మిదో పదో. "అప్పుడు ప్రభుత్వం ఎవరిది అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు. అది మాత్రం భాగాహారంలో రాదు.

సెప్టెంబర్ 14, బుధవారం

సాయంత్రం మాగ్డలేనా ఓటమి ఒప్పుకుంది. కుడిపక్షానికి 176, ఆమె పక్షానికి 173. ఆమె పార్టీయే అందరికన్నా పెద్దది, 30.3 శాతం, 107 సీట్లు, పోయినసారికన్నా ఎక్కువే. అయినా దిగిపోతోంది. ఎక్కినప్పుడూ అంతే: పోయిన నవంబరు 24న ప్రధానిగా ఎన్నికై, కూటమిలోని గ్రీన్ పార్టీ బయటికి పోవడంతో ఏడు గంటల్లో రాజీనామా చేసి, అయిదు రోజుల తర్వాత మళ్లీ ఎన్నికైంది. ఆ రెండోసారి ఆమెకి అనుకూలంగా పడినవి 101 ఓట్లు, వ్యతిరేకంగా 173. ఇక్కడ ప్రధాని కావడానికి మెజారిటీ అక్కర్లేదు, మెజారిటీ వద్దనకుండా ఉంటే చాలు. 75 మంది నోరు మూసుకుని కూర్చోబట్టి గట్టెక్కింది.

అసలు కథ రెండో స్థానంలో ఉంది. స్వీడన్ డెమొక్రాట్లు 20.5 శాతం, 73 సీట్లు. 1988లో నాజీ భావాలున్నవాళ్లు కూడా చేరి పెట్టిన పార్టీ, 2010లో గానీ పార్లమెంటు గడప తొక్కలేదు. ఇప్పుడు కుడిపక్షంలో వాళ్లే పెద్ద. కానీ ప్రధాని అయ్యేది మాత్రం మూడో స్థానంలో ఉన్న మోడరేట్ల ఉల్ఫ్ క్రిస్టర్సన్. జిమ్మీ ఓకెసన్ పార్టీ బయటి నుంచి మద్దతట. బయటి నుంచి మద్దతు! 1979 నుంచి 1998 దాకా ఢిల్లీని చూసినవాళ్లకి ఆ మాట వింటే ఎక్కడో కాలుతుంది. అల్లుడికి తెలియజెప్పబోయి ఊరుకున్నాను. అతను ఆ రాత్రి పెద్దగా మాట్లాడలేదు. బయటివాళ్లు తగ్గాలన్నది ఆ పార్టీ మొదటి మాట. అతని పాస్‌పోర్టు ఇక్కడిదే, మొహం మాత్రం చిలకలూరిపేటది.

స్టాక్‌హోమ్ మాత్రం ఎదురు తిరిగింది. నగరంలోనూ, ప్రాంతీయ సభలోనూ మోడరేట్ల చేతిలో ఉన్న పగ్గాలు సోషల్ డెమొక్రాట్ల వైపు జారుతున్నాయి. అమ్మాయి నీలం చీటీ ఎటు పడిందో నేను అడగలేదు. ముప్పై ఏళ్లు ఆ ప్రశ్న అడగకూడదనే ఉద్యోగం చేశాను.

సెప్టెంబర్ 17, శనివారం

రేపు ప్రయాణం. ఆవకాయ సీసా ఇక్కడ వదిలి, ఆ చోటులో చాక్లెట్లు సర్దుతున్నాం. కూడలికి వెళ్తే గుడిసెలు లేవు. అవి నిలబడ్డ చోట రాళ్ల మీద నలుచదరపు మచ్చలు, ఒక మచ్చ మీద ఎవరో ఉల్లిపాయలు అమ్ముతున్నారు.

బూత్‌ల వారీ అంకెలు ఇక్కడ నెట్‌లో పెట్టేస్తారు. జిల్లా లెక్కింపు పూర్తయిందంటే అమ్మాయిని కూర్చోబెట్టి మా బడి బూత్ తీయించాను. కరపత్రం వెనక నేను రాసుకున్న అంకెలు ఒక్కొక్కటే చదువుతుంటే ఆమె తెర మీద సరిచూసింది. కలిసింది. కలిసింది. కలిసింది. ఏడో వరసలో నాకన్నా ఒకటి ఎక్కువ.

"నువ్వే తప్పు రాసుకున్నావేమో" అంది.

నేను తప్పు రాయలేదు. పువ్వు గీసిన చీటీ ఏ పార్టీదో ఆ రాత్రి నేను చూశాను.